సాన్‌రెమో వారం: ఇటలీకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి

ఇటలీలో ఫిబ్రవరి వచ్చిందంటే ఒక వారం పాటు ఆఫీసులో, బస్సులో, కూరగాయల మార్కెట్లో ఒకటే గోల. సాన్‌రెమో. పేరుకి అది సాన్‌రెమో అనే ఊళ్లో జరిగే పాటల పోటీ. మంగళవారం రాత్రి మొదలై శనివారం అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. అయిదు రాత్రులూ ఇక్కడి ప్రభుత్వ టీవీ "రాయ్" వాళ్ల రాయ్ ఉనో చానెల్లో లైవ్. ఆ వేళకి ఇక్కడ టీవీ పెట్టుకున్నవాళ్లలో నూటికి అరవై మందికి పైగా అదే చూస్తుంటారు. మిగతావాళ్లు "అబ్బే, నేను చూడను" అంటారు గానీ, పొద్దున్నే ఎవరు ఏ కోటు వేసుకొచ్చారో వాళ్లే ముందు చెప్తారు.

మాది తెనాలి. పెళ్లయ్యాక టురిన్ వచ్చి, ఇక్కడ ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఏటా జనవరి చివర్లో మన పిల్లలు, ముఖ్యంగా పొలితెక్నికోలో చదివేవాళ్లు (మన పాలిటెక్నిక్ డిప్లొమా కాదు, పెద్ద ఇంజనీరింగ్ యూనివర్సిటీ) "అక్కా, ఇదేంటి, మేమూ చూడాలా, భాష రాకుండా ఏం అర్థమవుతుంది" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. నా సలహా ఒకటే: రాత్రి పాటల కోసం చూడకండి, మర్నాడు పొద్దున కబుర్ల కోసం చూడండి. మనకి ఫుట్‌బాల్ గురించి వాళ్లంత తెలియదు, రాజకీయాల్లో వేలు పెట్టలేం. సాన్‌రెమో మీద మాత్రం ఎవరైనా, ఎంత తప్పు ఇటాలియన్‌లో అయినా, అభిప్రాయం చెప్పొచ్చు. చెప్పకపోతేనే వింతగా చూస్తారు.

ముందు ఇది ఏ రకం పోటీయో తెలియాలి. మన టీవీ పోటీల్లో కొత్త గొంతులు పాత సినిమా పాటలు పాడతాయి. ఇక్కడ దానికి పూర్తిగా రివర్స్. పాడేవాళ్లు చాలావరకు పేరున్న గాయకులు, పాట మాత్రం అంతకుముందు ఎవరూ వినని కొత్త పాట. పోటీ పాటల మధ్యే అని రూల్స్ చెప్తాయి. జనం మాత్రం మనుషుల్నే చూస్తారు. ఈమధ్య ఏళ్లలో సుమారు ముప్ఫై మంది పాడుతున్నారు. 2024లో 30 మంది, 2025లో 29. వీళ్లు కాక కొత్త కుర్రకారుకి వేరే విభాగం ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎరోస్ రమజ్జొత్తి 1984లో, లౌరా పౌసీని 1993లో, ఆండ్రియా బొచెల్లి 1994లో ఆ విభాగంలో గెలిచినవాళ్లే.

చరిత్ర రెండు ముక్కల్లో చాలు. 1951లో సాన్‌రెమో ఊరి కాసినోలో, రేడియో కోసం మొదలైంది. ఆ ఏడు మొత్తం 20 పాటలు, పాడింది మాత్రం నిల్లా పిత్సీ, అకిల్లె తొల్యాని, ఫసానో అక్కచెల్లెళ్ల జోడీ, అంతే. నిల్లా పిత్సీ గెలిచింది. టీవీకి వచ్చింది 1955లో. 1958లో దొమేనికో మొదూన్యో చేతులు రెండూ చాపి పాడిన పాట ప్రపంచమంతా "వోలారే" పేరుతో తిరిగింది, మొట్టమొదటి గ్రామీ అవార్డుల్లో రెండు పెద్దవి తెచ్చుకుంది. 1977 నుంచి అరిస్టన్ థియేటర్లో జరుగుతోంది. మధ్యలో 1990లో ఒక్కసారి వేరే చోట పెట్టారు.

ఒక జాగ్రత్త. 1967 పోటీలో పాట ఫైనల్‌కి వెళ్లలేదని తెలిసిన రాత్రే లూయీజి టెంకో అనే యువ గాయకుడు హోటల్ గదిలో చనిపోయాడు. పెద్దవాళ్లు ఆ పేరెత్తితే గొంతు తగ్గిస్తారు. అక్కడ జోకులు వద్దు.

నిద్ర సంగతి ముందు చూసుకోండి

రాత్రి 8:40 ప్రాంతంలో, వార్తలు అయిపోగానే మొదలవుతుంది. ముగింపు మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు. యాంకర్ ఆమదేవుస్ నడిపిన అయిదేళ్లలో (2020 నుంచి 2024) రాత్రి రెండు కావడం మామూలే. 2025లో కార్లో కొంతి వచ్చి కాస్త పరుగులు పెట్టించాడు, ఒంటిగంటకి అటూ ఇటూ దుప్పటి కప్పుకోగలిగాం. ఆ వారం పొద్దున్నే పెద్ద పనులు పెట్టుకోకండి. మా ఆఫీసులో ఆ శుక్రవారం పొద్దున మీటింగ్ పెట్టే ధైర్యం మా మేనేజర్‌కి కూడా లేదు.

తేదీలు ఏటా మారతాయి, చూసుకోండి. 2021లో కరోనా వల్ల మార్చిలో, ఖాళీ కుర్చీల ముందు జరిగింది. 2026లో మిలాన్-కోర్తీనా వింటర్ ఒలింపిక్స్ ఉన్నాయని ఫిబ్రవరి చివరి వారానికి జరిపారు. తెనాలిలో మా చెల్లికి ఇక్కడి 8:40 అంటే అర్ధరాత్రి దాటి 1:10. ఇండియాలో ఉన్నవాళ్లు మేలుకోవద్దు, పొద్దున లేచాక యూట్యూబ్‌లో రాయ్ వాళ్లు పెట్టే ముక్కలు చూస్తే సరిపోతుంది.

ఇటలీలో ఉంటే రాయ్‌ప్లే యాప్‌లో ఉచితం, రిజిస్టర్ చేసుకుంటే చాలు. ఇంట్లో టీవీ సెట్ ఉంటే మీ కరెంటు బిల్లులోనే రాయ్ ఫీజు వాయిదాలుగా పడుతుంది. 2025లో అది ఏడాదికి 90 యూరోలు. టీవీ లేనివాళ్లు లేదని ప్రతి ఏడూ ప్రకటన దాఖలు చేయాలి, లేకపోతే బిల్లులో కలిపేస్తారు. లాప్‌టాప్‌లో చూస్తే ఆ ఫీజు లేదు. సాన్‌రెమోకీ దీనికీ సంబంధం ఏంటంటారా? అకౌంట్స్ మనిషిని, చెప్పకుండా ఉండలేను.

భాష రాకపోయినా ఎలా

పోటీకి ముందు "సొర్రీసి ఎ కంజోని" అనే వారపత్రిక ఒక సంచిక వేస్తుంది, పోటీలో ఉన్న పాటలన్నిటి సాహిత్యంతో. పేపర్ అమ్మే ఏ కియోస్క్‌లోనైనా దొరుకుతుంది. ఇది కొనడం తప్పనిసరి అని నేను ఖచ్చితంగా చెప్తాను. పాట వింటూ వేలు పెట్టి చదువుకుంటూ పోతే రెండో రాత్రికల్లా సగం మాటలు పట్టుబడతాయి. భాషా కోర్సుల్లో కూర్చుని నేర్చుకున్న క్రియారూపాల కన్నా, ఆ పత్రికలో ప్రేమ విఫలమైన పాటల్లో నేర్చుకున్నవే నాకు గుర్తున్నాయి. ఇటాలియన్‌లో భూతకాలం మొత్తం ఎవరో ఎవర్నో వదిలేసి వెళ్లిపోవడమే అనుకోండి.

నేపుల్స్ యాసలో పాట వస్తే మాత్రం బెంగపడకండి. 2024లో నేపుల్స్ గాయకుడు జొలియె పాడిన పాటకి ఉత్తర ఇటలీ వాళ్లే అర్థాలు వెతుక్కున్నారు.

ఒక్కో పాట ముందు జరిగే తంతు గమనించండి. యాంకర్ పాట పేరు చెప్తాడు, రాసినవాళ్ల పేర్లు వరసగా చదువుతాడు, ఆ పాటకి ఆర్కెస్ట్రాని నడిపే కండక్టర్ పేరు చెప్తాడు, ఆఖర్న గాయకుడి పేరు. ఒక్కో పాటకి ఒక్కో కండక్టర్ వచ్చి నిలబడతాడు, అంత పెద్ద ఆర్కెస్ట్రా నిజంగానే లైవ్ వాయిస్తుంది. అప్పుడు పైనుంచి మెట్లు దిగుతూ గాయకుడు వస్తాడు. ఈ మెట్ల మీద జనం కళ్లన్నీ. హై హీల్స్‌తో ఎవరు ఎలా దిగారన్నది మర్నాటి కబుర్లలో సగం. కండక్టర్లలో పెప్పె వెస్సిక్కియో అని గడ్డం పెద్దమనిషి ఉండేవారు. ఆయన పేరు చదవగానే హాలంతా గాయకుడికి కొట్టినదానికన్నా ఎక్కువ చప్పట్లు కొట్టేది. 2025 నవంబరులో పోయారు. ఆయన గురించి ఒక్క మంచి మాట చెప్పండి, ఆఫీసులో మీకు ఆ పూట కాఫీ ఎవరో ఒకరు ఇప్పిస్తారు.

ఆర్కెస్ట్రా వాళ్లకీ కోపాలొస్తాయి. 2010 ఫైనల్లో టాప్ మూడు పేర్లు చదవగానే, తమకి నచ్చిన పాట లేదని, ముందున్న స్వరాల కాగితాలు నలిపి స్టేజి మీదకి విసిరేశారు. లైవ్‌లోనే. యూట్యూబ్‌లో వెతకండి. సాన్‌రెమో అంటే ఏంటో నేను రాసిన ఇంత కథ కన్నా ఆ నిమిషం వీడియో బాగా చెప్తుంది.

ఏ రాత్రి ఏం చేయాలి

మంగళవారం అందరూ పాడతారు. ముప్ఫై కొత్త పాటలు ఒక్క రాత్రి వింటే ఏదీ గుర్తుండదు, అది మీ తప్పు కాదు. మూడు పాటలు మాత్రం టిక్ పెట్టుకుని పడుకోండి. ఆ రాత్రి మార్కులు వేసేది ప్రెస్ వాళ్లు. టాప్ అయిదు పేర్లు వరస లేకుండా చెప్తారు.

బుధ, గురువారాలు సగం సగం మంది. ఇక్కడినుంచి జనం ఫోన్ ఓట్లు, రేడియో జ్యూరీ మొదలు. ఈ రెండింట్లో ఒకటి మానేసి నిద్రపోవాలనుకుంటే గురువారం మానేయండి. శుక్రవారానికి ఒంట్లో ఓపిక ఉండాలి.

శుక్రవారం కవర్ల రాత్రి, అంటే ఇదివరకే వచ్చిన పాటల్ని మళ్లీ పాడే రాత్రి. పాత పాటలు, ఇద్దరు ముగ్గురు కలిసి పాడటం, ఊహించని జోడీలు. ఇటాలియన్ రానివాళ్లకి వారం మొత్తంలో ఇదే బెస్ట్, ఎందుకంటే హాలు హాలంతా కలిసి పాడే పాటలు ఏవో ఇక్కడే తెలుస్తాయి. ఒక దేశం పాత పాటల పెట్టె తెరిచి చూపించినట్టుంటుంది. ఏటా మొదటిసారి చూసేవాళ్లకి నేను చెప్పేది: ఒక్క రాత్రే చూస్తానంటే ఫైనల్ వద్దు, శుక్రవారం చూడండి.

శనివారం మళ్లీ అందరూ పాడతారు, అయిదుగురు మిగులుతారు, వాళ్ల మీద మళ్లీ ఓటింగ్. మధ్యలో ఎవర్నీ ఇంటికి పంపడం ఈమధ్య లేదు, అందుకే మీకు నచ్చిన పాట ఆఖరి స్థానంలో ఉన్నా ఫైనల్ దాకా వినొచ్చు.

లెక్క కాస్త తిరకాసు. ఫోన్ ఓట్లకి 34 శాతం, ప్రెస్-టీవీ-వెబ్ జ్యూరీకి 33, రేడియో జ్యూరీకి 33. అంటే జనం ఒకవైపు, జ్యూరీలు రెండూ ఇంకోవైపు ఉంటే జనమే ఓడిపోతారు. 2024లో అదే జరిగింది. చివరి ఓటింగ్‌లో ఫోన్ ఓట్లు పదికి ఆరు జొలియెకి పడ్డాయి, గెలిచింది మాత్రం ఆంజెలీనా మాంగో. దానిమీద నేపుల్స్ వాళ్లకీ మిగతావాళ్లకీ నెలరోజులు వాదనలు. మీ ఆఫీసులో నేపుల్స్ మనిషి ఉంటే ఆ ఏడాది సంగతి మీరుగా ఎత్తకండి.

ఓటు వేయాలంటే ఇటలీ నంబరు ఉండాలి. స్క్రీన్ మీద గాయకుడి పక్కన రెండంకెల కోడ్ వస్తుంది, దాన్ని మెసేజ్ చేయడమే. ఒక ఫోన్ నుంచి వేయగల ఓట్లకి హద్దు ఉంది, మెసేజ్‌కి సుమారు అర యూరో కట్ అవుతుంది. ఉచితం అనుకుని వరసగా పంపేయకండి.

ఫాంటాసాన్‌రెమో: ఇది ఆడితేనే మజా

ఇది టీవీ వాళ్లు పెట్టింది కాదు. మార్కె ప్రాంతంలో ఒక బార్‌లో కొందరు ఫ్రెండ్స్ 2020లో సరదాకి మొదలెట్టిన ఆట. ఇప్పుడు లక్షల మంది ఆడుతున్నారు. మనవాళ్లు డ్రీమ్ లెవెన్ ఆడటం తెలిసినవాళ్లే కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. మీకు 100 "బావుదీలు" ఇస్తారు. పదమూడు సార్లు సాన్‌రెమో నడిపిన పిప్పో బావుదో పేరు మీద పెట్టిన ఉత్తుత్తి డబ్బు అది. (ఆయన 2025 ఆగస్టులో పోయారు.) దాంతో గాయకుల టీమ్ కొనుక్కుని, ఒకర్ని కెప్టెన్ చేస్తారు. పాయింట్లు ర్యాంకుకే కాదు, స్టేజి మీద చేసే వేషాలకి కూడా. ఏ వేషానికి ఎన్ని పాయింట్లో రూల్స్ ఏటా మారుస్తారు.

2022లో పాట అయిపోగానే గాయకులు ఒకరి తర్వాత ఒకరు "పపాలీనా" అనీ, "మారా పిన్నికి నమస్కారం" అనీ అంటుంటే రూల్స్ తెలియనివాళ్లు తెల్లమొహం వేశారు. పపాలీనా అంటే ఆ బార్ పేరులోని మాటే. మారా అంటే టీవీ యాంకర్ మారా వెనియెర్. రెండు మాటలకీ బోనస్ పాయింట్లున్నాయి, గాయకులు వాళ్లని కొనుక్కున్న ఫ్యాన్స్ కోసం అలా అనేవారు.

టీమ్ కొనేటప్పుడు నా పద్ధతి: ఖరీదైన ఒక్కర్ని, చవకలో దొరికే అల్లరివాళ్లని. పద్ధతిగా నిలబడి అద్భుతంగా పాడే సీనియర్లు ర్యాంకులు తెస్తారు, బోనస్‌లు తేరు. స్టేజి దిగి జనంలోకి పరిగెత్తేవాడు కావాలి. ఆఫీస్ లీగ్ ఉందేమో ముందే అడగండి. లేకపోతే మీరే పెట్టండి. కొత్తగా చేరిన మనిషి లీగ్ పెడితే నెలలో అయ్యే పరిచయాలు వారంలో అవుతాయి.

ఎవరింట్లో చూడాలి

ఒంటరిగా చూడొద్దు. మా అంతస్తులో ఎదురింటి సిన్యోరాకి (ఇక్కడ ఆడవాళ్లని గౌరవంగా అలా అంటారు) డెబ్భై దాటాయి. ఆవిడ టీవీ ముందు కూర్చునే పద్ధతి చూస్తే మీకు అర్థమవుతుంది. ఒళ్లో చతురస్రపు గళ్ల నోటుబుక్కు, పెన్సిల్, కళ్లద్దాలు ముక్కు చివర. పాట నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ప్రకటనలు రాగానే ఎన్ని మాటలైనా. ఒక్కో పాటకి పదికి మార్కులు, గాయకుడికి కాక బట్టలకి పక్కన ఇంకో అంకె. అక్షరాలు మింగేసే కుర్రాళ్లకి నాలుగు దాటనివ్వదు. మర్నాడు పొద్దున పేపర్లో విమర్శకులు ఇచ్చిన మార్కులు (ఇక్కడ పేపర్లన్నీ బడి ప్రోగ్రెస్ కార్డులా పదికి మార్కులేస్తాయి) తన నోటుబుక్కు పక్కన పెట్టి చూసుకుని, వాళ్లకి చెవులు పనిచేయవని తేలుస్తుంది.

అలాంటి ఇంటికి చేతులూపుకుంటూ వెళ్లకండి. నేను మిరపకాయ బజ్జీ కాకుండా ఉల్లిపాయ పకోడీ తీసుకెళ్తాను, కారం తగ్గించి. ఆవిడ ఫొకాచ్చా అనే ఇక్కడి రొట్టె చేస్తుంది. వెళ్లేముందు ఎన్నింటికి రమ్మంటారో అడగాలి, భోజనానికా, భోజనం తర్వాతా అన్నది స్పష్టంగా తెలుసుకోవాలి. ఇక్కడ ఆ రెండూ వేర్వేరు పిలుపులు. అర్ధరాత్రి మధ్యలో లేచి వచ్చేయడం తప్పేం కాదు, అందరూ చేస్తారు.

మాట్లాడేటప్పుడు "అన్నీ బాగున్నాయి" అన్నారంటే మిమ్మల్ని ఎవరూ లెక్కచేయరు. ఒకర్ని పట్టుకుని వారమంతా వాళ్ల తరఫునే వాదించండి. చిట్టచివరి ర్యాంకు వచ్చినా పర్వాలేదు, చరిత్ర మీ వైపే ఉంటుంది. వాస్కో రోస్సి 1983లో చివరినుంచి రెండో స్థానం. పాట ఆఖర్న ఆయన మైకు వదిలి వెళ్లిపోయినా గొంతు మాత్రం స్పీకర్లలో వినబడుతూనే ఉందట. ఇప్పుడు ఆయన కచేరీలకి స్టేడియాలు సరిపోవు. 1985లో జుక్కెరో కూడా చివరినుంచి రెండోవాడే. ఈ రెండు పేర్లు జేబులో పెట్టుకుంటే ఏ వాదనలోనైనా పనికొస్తాయి.

గెలిచినవాళ్లకి మే నెలలో యూరోవిజన్‌కి (దేశాల మధ్య జరిగే పాటల పోటీ) వెళ్లే హక్కు ముందుగా వస్తుంది, కానీ వెళ్లి తీరాలని లేదు. 2021లో మానెస్కిన్ అనే బ్యాండ్ వాళ్లు ఇక్కడ గెలిచి, రాటర్‌డామ్ వెళ్లి అక్కడా గెలిచారు. 2025లో గెలిచిన ఓల్లి వెళ్లనన్నాడు. రెండో స్థానంలో ఉన్న లూచో కోర్సి బాసెల్ వెళ్లి అయిదో స్థానం తెచ్చాడు.

ఊరికి వెళ్లి చూడాలనుకుంటే

థియేటర్ లోపల సీటు ఆశ పెట్టుకోవద్దు. రెండు వేల కుర్చీల హాలు, అయిదు రాత్రులకి కింది సీటు వెయ్యి యూరోలు దాటుతుంది, అదీ దొరికితే. ఆ వారం ఊళ్లో హోటల్ రేట్లు చూస్తే గుండె ఆగుతుంది; బోర్డిగేరాలోనో వెంటిమీలియాలోనో ఇంపేరియాలోనో ఉండి రైల్లో రావడం నయం. రాత్రి తిరుగు రైళ్లు ముందే చూసుకోండి. సాన్‌రెమో స్టేషన్ భూమి లోపల ఉంది, ప్లాట్‌ఫాం నుంచి బయటికి పొడుగాటి సొరంగంలో నడవాలి. సూట్‌కేసులతో వెళ్లేవాళ్లు రైలు టైముకి ఆ నడక కూడా కలుపుకోండి.

డబ్బు ఖర్చు లేకుండా చూడాల్సినవి బయటే ఉన్నాయి. అరిస్టన్ ఉన్న మత్తెయొత్తి వీధిలో ఏ ఏడు ఏ పాట గెలిచిందో నేలమీద పలకలు వేశారు, వాటిని చదువుకుంటూ నడవొచ్చు. పక్కనే యాంకర్ మైక్ బొంజోర్నో విగ్రహం. కొలంబో చౌక్‌లో బహిరంగ వేదిక వేస్తారు. సాయంత్రం తోపులాట ఎక్కువ, పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు మధ్యాహ్నమే చూసేసి, పాత రైలు పట్టాల దారిని సైకిల్ ట్రాక్‌గా మార్చిన సముద్రపు ఒడ్డుకి వెళ్లిపోండి. ఆకలేస్తే అక్కడి బేకరీల్లో "సర్దెనాయిరా" అని టమాటా, ఆలివ్‌లు వేసిన రొట్టె ముక్కలు అమ్ముతారు. శాకాహారులు కొనేముందు ఆంచోవీ లేకుండా ఉందా అని అడగండి. చిన్న చేప, టమాటాలో కలిసిపోయి కంటికి కనపడదు.